రాయపూర్ దాలిలో పాస్తా

మూత మాత్రం తీయకండి. వాసన ముక్కుకి తగిలేసరికి చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది, నాకు తెలుసు. మా మనవరాలి చెయ్యి ఇప్పటికే రెండుసార్లు వెళ్ళింది. ఒక్కసారి ఎత్తామంటే గంటసేపు లోపల కూడిన వేడంతా ఆవిరితోపాటు బయటికి పోతుంది. అది మళ్ళీ కూడుకోవడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. ఆరింటికి పెట్టాను, ఎనిమిదిన్నరకి తీద్దాం. ఈలోగా ఇలా వరండాలోకి రండి, కుంపటి దగ్గర కూర్చుందాం. ఆ పీట లాక్కోండి.

ఈ మట్టి కుంపటి మా పక్కింటి దీదీ ఇచ్చింది. ఛత్తీస్‌గఢీలో దీన్ని గోర్సీ అంటారు. రాయపూర్ అనగానే అందరికీ మే నెల ఎండలే గుర్తొస్తాయి గాని, పుష్యమాసంలో పొద్దుగూకాక ఇక్కడ శాలువా లేకుండా ఆరుబయట కూర్చోలేం. చుట్టుపక్కల పల్లెల్లో ఈ నెలంతా రాత్రి కబుర్లన్నీ గోర్సీ చుట్టూనే. ఒక్క సంగతి, బొగ్గుల కుంపటి ఎప్పుడూ ఇలా గాలాడే చోటే పెట్టుకోవాలి. తలుపులు బిగించిన గదిలో పెట్టుకుని నిద్రపోతే తెల్లారేసరికి ప్రాణం ఉండదు. ఏటా చలికాలం పేపర్లలో అలాంటి వార్త ఒకటైనా చదువుతుంటాం. నాకు గుండె కలుక్కుమంటుంది.

సరే, లోపల ఏం ఉడుకుతోందో చెప్పనే లేదు కదూ. బేక్డ్ జీటీ. పేరు కొత్తగా ఉందని బెదరకండి. జీటీ అంటే గొట్టం పాస్తా. దక్షిణ ఇటలీ వాళ్ళ మాటలో జీతా అంటే పెళ్ళికూతురు, జీతో అంటే పెళ్ళికొడుకు. పెళ్ళి భోజనంలో వడ్డించే గొట్టాలు కనక వాటికి ఆ పేరొచ్చింది. నేపుల్స్ వైపు ఈ గొట్టాలు మూరెడు పొడుగుంటాయి, వాటిని చేత్తో ముక్కలుగా విరిచి వండుతారట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ వంట మీద మమకారం కలిగింది. మన ఇళ్ళలో పెళ్ళి పనులకి అమ్మలక్కలంతా చేరి అరిసెలు ఒత్తుకుంటూ ఊరి సంగతులన్నీ చెప్పుకోరూ? అక్కడా గొట్టాలు విరుస్తూ చెప్పుకునే ఉంటారు.

ఆ పెళ్ళి వంట వలసపోయిన ఇటలీ వాళ్ళతో అమెరికా చేరింది. అక్కడ టమాటా గుజ్జు, రికోత్తా, మొజరెల్లా పొరలు పొరలుగా వేసి ఓవెన్లో కాల్చే బేక్డ్ జీటీ అయింది. న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లో పేరంటమైనా, చావింటికి పంపే భోజనమైనా అల్యూమినియం ట్రేలో ఇదే వెళ్తుంది. మా అమ్మాయి ఉండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే. తనకి పురుడొచ్చినప్పుడు వెళ్ళి ఆరు నెలలున్నాను. వీధి చివరి ఇటాలియన్ పెద్దావిడ ఒకరు ట్రే నిండా ఇదే చేసి పంపింది. బాలింతకి పథ్యం గనక అమ్మాయి తినలేదు, నేను తిన్నాను. పైన గోధుమరంగు మచ్చలతో చీజు, లోపల పుల్లపుల్లని టమాటా, మెత్తటి విరుగుడు. అంచున అంటుకుని కాస్త మాడిన ముక్క ఉంటుంది చూశారూ, అది నోట్లో పెట్టుకోగానే మా అత్తగారి దిబ్బరొట్టె అంచు జ్ఞాపకం వచ్చింది. ఆ పోలిక ఎందుకు కుదిరిందో చివర్లో చెబుతాను.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి పెట్టెలో స్లో కుక్కర్ పెట్టింది. "అమ్మా, నీకు రాయపూర్‌లో ఓవెన్ లేదుగా, దీన్లో చేసుకో" అంది. నేనూ మురిసిపోయి మోసుకొచ్చాను. ఇక్కడ ప్లగ్గు పిన్ను మార్చే చిన్న అడాప్టరు పెట్టి స్విచ్ వేశాను. అరగంటకల్లా కమురు వాసన వచ్చింది, కుండ అడుగున వెంట్రుకంత బీట కూడా కనపడింది. సంగతేమిటంటే, అమెరికా కరెంటు 120 వోల్టులు, మనది 230. వోల్టేజి ఇంచుమించు రెట్టింపైతే వేడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు దాటిపోతుంది. 200 వాట్ల సన్నసెగ కాస్తా 700 వాట్ల పొయ్యి అవుతుంది. అడాప్టరు పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. మీ పిల్లలు కూడా ఏదైనా మోసుకొస్తే ముందు అడుగున అంటించిన చీటీ చదవండి. మళ్ళీ ఇక్కడి కరెంటుకి సరిపడేదే మూడున్నర లీటర్లది కొనుక్కున్నాను. ఇప్పుడు లోపల జీటీ ఉడుకుతున్నది దాన్లోనే.

దాన్ని మొదటిసారి దగ్గర కూర్చుని పరీక్షగా చూసినరోజు నాకు కొత్త సామానులా అనిపించలేదు. మందమైన పింగాణీ కుండ, దాని చుట్టూ, అడుగున సన్నగా వేడి. నూట యాభై నుంచి మూడొందల వాట్లు, అంతే. లో మీద పెట్టినా హై మీద పెట్టినా చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, నీళ్ళు తెర్లడానికి కాస్త ముందున్న స్థితికి. తేడా అంతా ఎంతసేపట్లో చేరుతుందన్నదే. "ఇది దాలి కదా!" అన్నాను పైకే. మా కోడలు "ఏమిటత్తయ్యా?" అని అడిగింది. తను పుట్టింది భిలాయిలో, దాలి ఎప్పుడూ చూడలేదు.

మీలో కూడా చూడనివాళ్ళు ఉంటారేమో, చెబుతాను. మా అత్తగారిది పార్వతీపురం దగ్గర పల్లె. పెరటి వసారాలో ఓ మూల నేలలో గుంట, దాని చుట్టూ మట్టితో కట్టిన అంచు. అదే దాలి. పొద్దున్న పాలు పితకగానే అందులో నాలుగు పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, మీద గుప్పెడు ఊక చల్లేవారు. మంట కనపడకూడదు. పొగ కూడా సన్నగా దారంలా లేవాలి. దాని మీద పాలకుండ పెట్టి, చిల్లుల మూకుడు బోర్లించేవారు. ఇంక ఆ వైపు ఎవ్వరూ వెళ్ళకూడదు. పొద్దంతా నివురు కింద నిప్పు, దాని పైన పాలు. పాలు పొంగవు, అడుగంటవు. సాయంత్రానికి తెల్లటి పాలు లేత ఎరుపు తిరిగి, పైన చపాతీ అంత మందాన మీగడ కట్టేది. పొద్దుగూకాక దింపి, గోరువెచ్చన చేసి తోడు పెట్టేవారు. ఆ పెరుగులో పిడక పొగ వాసన ఉండేది. ఆ వాసన నేను మళ్ళీ ఏ పెరుగులోనూ ఎరగను. అంతెందుకు, ఇక్కడి పల్లెల్లోనూ గోర్సీలో పిడక నిప్పు మీద పాలు అలాగే కాస్తారు. దీదీ వాళ్ళ ఊళ్ళో మొదటిసారి ఆ పాలు తాగినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంకో వింత వినండి. ఈ కరెంటు దాలిని కనిపెట్టిన మనిషికీ మన అత్తగార్లలాంటి పెద్దావిడే దారి చూపింది. షికాగోలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజినీరు ఉండేవాడు. వాళ్ళమ్మది లిథువేనియా, యూదుల కుటుంబం. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా నిప్పు రాజేయరు. అందుకని విల్నా ఊళ్ళో శుక్రవారం సాయంత్రమే చిక్కుడుగింజలు, మాంసం, దుంపలు కుండలో వేసి బేకరీకి తీసుకెళ్ళేవారు. రొట్టెలు కాల్చడం అయిపోయి పొయ్యి ఆరుతూ ఉంటుంది కదా, ఆ మిగులు వేడిలో కుండ రాత్రంతా ఉండేది. మర్నాడు ఇంటికి తెచ్చుకుని వేడివేడిగా తినేవారు. ఆ వంట పేరు చోలెంట్. వాళ్ళమ్మ చెప్పిన ఆ కబురే నాక్సన్ మనసులో పడింది. 1936లో దరఖాస్తు పెట్టాడు, 1940లో పేటెంటు వచ్చింది. నాక్సన్ బీనరీ అని పేరు పెట్టి అమ్మాడు. 1970లో కాన్సస్ సిటీలోని రైవల్ కంపెనీ ఆ వ్యాపారాన్ని కొనుక్కుంది. మరుసటి సంవత్సరం 1971లో దాన్నే క్రాక్‌పాట్ అన్న పేరుతో బజారులోకి తెచ్చింది. ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దున్న పెట్టి సాయంత్రం దింపుకునే వీలుంది గనక అమెరికా అంతటా పాకిపోయింది.

విల్నాలో ఆరిపోతున్న బేకరీ పొయ్యికీ, పార్వతీపురం పెరట్లో నివురుగప్పిన దాలికీ మధ్య ఎన్ని వేల మైళ్ళు! అయినా ఇద్దరికీ తట్టింది ఒక్కటే, సన్నసెగ మీద కుండ పెట్టి వదిలేస్తే చాలునని.

నేను రాయపూర్‌కి ఎలా వచ్చానంటారా? ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చిన చాలామందిలాగే రైలు దారినే వచ్చాను. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తి చేసింది 1931లో. విశాఖ రేవు తెరిచింది 1933లో. ఈ లోపలి ప్రాంతపు సరుకు సముద్రానికి చేరాలి గనక లైను, లైను పడింది గనక కూలీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు. తర్వాత భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలు ఎన్నో ఇటు కదిలాయి. మావారిది ఇక్కడి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఉద్యోగం. పెళ్ళయి నేను ఆ కాలనీ క్వార్టర్లో కాలు పెట్టినరోజు వీధి కుళాయి దగ్గర నలుగురిలో ఇద్దరు తెలుగు మాట్లాడుతున్నారు. అప్పటికిది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి ఇదే రాజధాని అయ్యాక ఊరు నా కళ్ళముందే నాలుగు వైపులా సాగిపోయింది. క్వార్టర్లో రెండు గదులు, ఓ వంటిల్లు. అందులో ఓవెన్‌కి చోటూ లేదు, అవసరమూ కలగలేదు.

ఇప్పటికీ కొనలేదు. అందుకు కారణం మే నెల. ఇక్కడ నౌతపా అంటారు. సూర్యుడు రోహిణి నక్షత్రంలో అడుగుపెట్టిన మొదటి తొమ్మిది రోజులు, ఇంచుమించు మే 25 నుంచి. మనం రోహిణి కార్తె అంటాం, రోళ్ళు పగులుతాయంటాం. నక్షత్రం ఒకటే, పేర్లు రెండు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో 1,500 వాట్ల ఓవెన్ వంటింట్లో గంటసేపు మండితే ఆ గదిలో మనిషి నిలబడగలదా? స్లో కుక్కరైతే రెండున్నర గంటలకీ కలిపి అరయూనిట్టు కరెంటు, చుట్టూ గోడలు కూడా వేడెక్కవు. ఎండాకాలంలో దాన్ని వరండాలోనే పెట్టి వండుతాను. ఆడవాళ్ళ ఒంటికి తగిలే వేడిని లెక్కలోకి తీసుకోని వంటసామాను ఏదైనా నాకు కిట్టదు, ఎంత ఖరీదైనదైనా సరే.

కుంపట్లో బొగ్గులు సర్దుతాను ఉండండి... ఆఁ, ఇప్పుడు వంట సంగతి.

ముందు టమాటాలు. ఈ కాలంలో శాస్త్రి బజారుకి వెళ్తే టమాటా గుట్టలు చూసి కడుపు నిండుతుంది, ధర వింటే గుండె తరుక్కుపోతుంది. దుర్గ్ వైపు నుంచి, జష్‌పూర్ జిల్లా పత్థల్‌గావ్ నుంచి లారీలకి లారీలు దిగుతాయి. ఒక్కో శీతాకాలం కోత కూలీ కూడా గిట్టక రైతులు పంటని రోడ్ల పక్కన పారబోసిన సందర్భాలున్నాయి. అందుకే ఈ రెండు నెలలూ నేను బేరమాడను. ఎక్కువే కొంటాను, గుజ్జు చేసి పెట్టుకుంటాను. ఒక వంటకి కిలోన్నర పండు టమాటాలు. వేడినీళ్ళలో వేసి తొక్క తీసి చిదిమి, నూనెలో వెల్లుల్లి, ఉల్లిపాయ, రెండు గుంటూరు ఎండుమిర్చి వేగాక పోసి దగ్గరపడనివ్వాలి. ఈ పని గ్యాసు మీదే చేయాలి. స్లో కుక్కర్లో నీరు ఇగరదు, మూతకి తగిలి మళ్ళీ కిందికే జారుతుంది. పల్చటి గుజ్జు పోస్తే చివరికి పులుసే మిగులుతుంది. కిలోన్నర టమాటా తొమ్మిదొందల గ్రాముల గుజ్జుగా మిగిలాక ఆపండి.

ఒరెగానో డబ్బా కోసం వెతుక్కోకండి. కుండీలో వామాకు ఉంటే నాలుగు ఆకులు సన్నగా తరిగి వేయండి. మనం బజ్జీలు వేసుకునే దళసరి ఆకు అదే. రెండింటి ఘాటుకీ మూలం ఇంచుమించు ఒకే జాతి సుగంధ తైలాలు. నా ఇటాలియన్ పెద్దావిడకి ఫోనులో ఆ ఆకు చూపించాను, ముద్దుగా నవ్వింది.

రికోత్తా బదులు లీటరు పాలు నిమ్మరసంతో విరగ్గొట్టండి. గుడ్డలో వడకట్టండి కాని రాయి పెట్టి అదమకండి, తడి ఉండాలి. వడకట్టిన తేట పారబోయొద్దు, అది ఇంకాసేపట్లో పనికొస్తుంది. విరుగుడులో ఉప్పు, మిరియాలపొడి, తరిగిన లాల్ భాజీ ఓ గుప్పెడు కలపండి. లాల్ భాజీ అంటే మన ఎర్ర తోటకూర. ఇక్కడివాళ్ళకి ఆకుకూరలంటే ప్రాణం, ముప్ఫై ఆరు రకాల భాజీలు అని రాష్ట్రం పేరుతో కలిపి చెప్పుకుంటారు. మన గోంగూర కూడా దొరుకుతుంది, అమారీ భాజీ అనాలి. కొత్తగా వచ్చిన ఏడాది నేను గోంగూర గోంగూర అని బజారంతా తిరిగాను. అంతా తిరిగినాక ఓ ముసలమ్మ బుట్టలో కట్టలు కనపడ్డాయి. పేరు అడిగి నేర్చుకుని, ఆ రోజు నాలుగు కట్టలు కొన్నాను.

పాస్తా ఇక్కడ జీటీ దొరకదు, పెన్నే తీసుకోండి, గీతలున్నది. ప్యాకెట్టు మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడండి. మైదా కలిసినదైతే ఈ సెగలో కరిగిపోతుంది. డ్యూరమ్ ఎక్కడిదో అనుకోకండి, పక్కనే మాళ్వాలో, బుందేల్‌ఖండ్‌లో పండే కఠియా గోధుమ అదే. మనం ఉప్మా చేసుకునే బన్సీ రవ్వ కూడా ఆ జాతిదే. మూడొందల గ్రాములు, ఉడికించకుండా పచ్చిదే వేయాలి.

కుండకి లోపల నూనె రాసి అడుగున రెండు గరిటెల గుజ్జు. దాని మీద పాస్తాలో సగం, ఆపైన విరుగుడంతా చెంచాతో అక్కడక్కడ, ఆపైన గుజ్జు. మళ్ళీ మిగిలిన పాస్తా, మిగిలిన గుజ్జు. ఇప్పుడు దాచిన తేట ఓ గ్లాసు అంచుల వెంట పోయండి. పాస్తా ముక్క ఒక్కటి కూడా పైకి తేలి ఉండకూడదు. తేలిన ముక్క ఎండి రాయవుతుంది. చెంచా వెనకతో నొక్కండి. మొజరెల్లా ఇప్పుడే వద్దు.

మూత దగ్గర ఒక్క కిటుకు. మా అత్తగారు కుడుములకి గిన్నె మూతి మీద గుడ్డ వాసెన కట్టేవారు. ఇక్కడా పాత నేతపంచె గుడ్డ మడత పెట్టి మూత కింద వాసెన కట్టినట్టు లాగి, కొసలు మూత పైకి మలిచి ముడేస్తాను. కిందికి వేలాడితే వేడి తగులుతుంది, జాగ్రత్త. అక్కడ గుడ్డ మీద ఆవిరితో కుడుము ఉడుకుతుంది. ఇక్కడ ఆవిరి బొట్లని గుడ్డ పీల్చుకుంటుంది, చీజు మీద నీళ్ళు కారవు. ఆ గుడ్డ లేకుండా చేసినరోజుకీ, కట్టి చేసినరోజుకీ తేడా తినగానే తెలుస్తుంది.

హై మీద రెండు గంటలు దాటాక పాస్తా పలుకు చూసుకోవాలి. రెండున్నర దాటనివ్వొద్దు. ఇది మీకు గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి నేను దాలి లెక్కనే వేశాను. పొద్దున్న పదింటికి లో మీద పెట్టి సాయంత్రం నాలుగింటికి తీశాను. గొట్టం ఆకారమే లేదు, అంబలిలా అయిపోయింది. పాలకీ, మాంసానికీ, ఎముకల పులుసుకీ ఎంతసేపైతే అంత మేలు. హైదరాబాద్ హలీం చూడండి, భట్టీ మీద గంటల తరబడి మగ్గితేనే దానికి ఆ జిగురు, ఆ రుచి. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఎంత సంతోషించానో. గోధుమ గొట్టం సంగతి వేరు. అది నీళ్ళు తాగుతుంది, ఉబ్బుతుంది, ఓ హద్దు దాటాక దానిలోని పిండంతా పులుసులోకి వదిలేస్తుంది. సన్నసెగ అంటే ఎంతసేపైనా ఉంచొచ్చని నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. మా అత్తగారే ఉంటే చెప్పేవారు. దాలి మీంచి పాలు కూడా ఆవిడ దీపాలవేళకి దించేసేవారు, ఆ పూట ఎంత పని ఉన్నా సరే.

టమాటా పులుపు కూడా ఇక్కడ మనకి సాయం. పులుపులో గోధుమ పిండి కాస్త నిదానంగా మెత్తబడుతుంది, అందుకే గట్టిదనం నిలుస్తుంది. నాలుగు గోంగూరాకులు పడితే ఇంకా మేలు, ఒకసారి వేసి చూశాను, బాగుంది.

మాటలో మాట, రాజ్మాని పచ్చిగా స్లో కుక్కర్లో ఎప్పుడూ వేయకండి. ఇక్కడ హిందీవాళ్ళ ఇళ్ళలో రాజ్మా వారానికోసారి ఉంటుంది కనక చెబుతున్నాను. ఆ గింజలో ఒక విషగుణం ఉంది, కడుపు అతలాకుతలం చేస్తుంది. అది చావాలంటే గింజల్ని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మంచి నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లించాలి. స్లో కుక్కర్ సెగ దానికి చాలదు. ప్రెషర్ కుక్కర్లో ఉడికించి తెచ్చి ఆ తర్వాత ఎంతసేపైనా మగ్గబెట్టుకోండి.

టైమెంతయింది? ఎనిమిదీ పది. రండి, లోపలికి పోదాం. ఇప్పుడు మూత ఎత్తే హక్కు మనకుంది.

చూశారా, గుడ్డ ఎంత తడిసిందో! ఇదంతా పాస్తా మీద పడి ఉండేది. మొజరెల్లా నూట యాభై గ్రాములు తురిమి పైన పరిచి, మళ్ళీ పొడి గుడ్డతో మూత. ఇంకో ఇరవై నిమిషాలు. కరుగుతుంది, తెల్లగా మెరుస్తుంది. అయితే స్లో కుక్కర్ ఇక్కడితో ఆగిపోతుంది. ఎడిసన్‌లో తిన్న ట్రే మీద గోధుమరంగు మచ్చలున్నాయన్నానే, అవి రావు. దీనికి కింద సెగ ఉంది, పక్కల సెగ ఉంది, పైన సెగ లేదు.

ఇందాక దిబ్బరొట్టె సంగతి చివర్లో చెబుతానన్నాను. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపిన పిండిని మందపాటి ఇనప మూకుట్లో పోసి సన్నటి నిప్పుల మీద పెట్టేవారు మా అత్తగారు. మీద ఇనప మూత. ఆ మూత మీద కూడా నిప్పులు. కింద కణికలు, పైన కణికలు, మధ్యలో రొట్టె. తిరగెయ్యకుండానే పైభాగం ఎర్రగా కాలేది. ఇక్కడ దీదీ వాళ్ళ అంగాకర్ రోటీ కూడా అంతే. వండిన అన్నంలో బియ్యప్పిండి కలిపి అరచేతి మందాన ఒత్తి, మోదుగాకుల మధ్య పెట్టి, కిందా మీదా పిడక నిప్పులు కప్పుతారు. ఆకు మాడి ఊడిపోతుంది, రొట్టెకి ఆకు ఈనెల అచ్చు పడుతుంది. ఓవెన్ అంటే ఇంతేగా, కిందా మీదా వేడి. మన పెద్దవాళ్ళకి ఓవెన్ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. వాళ్ళు రోజుకో ఓవెన్ కట్టుకుని, పనయ్యాక బూడిద ఎత్తి అంట్లు తోముకున్నారు.

అదిగో ఆ మూకుడు మూత, అత్తగారిదే. పార్వతీపురం నుంచి రైల్లో నాతో వచ్చింది. బరువు చూడండి. వరండాలో గోర్సీ మీద పావుగంట నుంచి కాలుతోంది, మీరు గమనించలేదు. కాస్త పక్కకి జరగండి, పట్కారుతో తెస్తున్నాను. అమ్మలూ, నువ్వు తలుపు దగ్గరే ఉండు. చీజుకి అంగుళం ఎత్తులో, తగలకుండా, ఇలా పట్టుకోవాలి. ఒక నిమిషం. చిటచిట వినపడుతోందా? రెండో నిమిషానికి, అదిగో, మధ్యలో ఓ మచ్చ లేచింది. దాని పక్కన ఇంకోటి. వాసన మారింది చూడండి, పాల వాసన పోయి నెయ్యి కాచిన వాసన.

ఇప్పుడే గరిటె పెట్టకండి. మూత లేకుండా పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి, అప్పుడే పొరలు పట్టు దొరికి ముక్కగా వస్తాయి. కుండని తీసి చల్లటి గట్టు మీద పెట్టొద్దు, పింగాణీ బీటలు వారుతుంది. చెక్కపీట వేయండి. దీదీకి ఓ గిన్నెడు తీసి పక్కన పెట్టాలి, ఆవిడ గోర్సీ నిప్పే కదా మచ్చలు వేసింది.

"మామ్మా, అంచు నాకు" అంటోంది మా మనవరాలు, గరిటె అప్పుడే పట్టేసుకుంది. ఆ అంచు కోసం దీని తండ్రి దిబ్బరొట్టె దగ్గర ఎంత పేచీ పెట్టేవాడో. కుండ చుట్టూ అంచంతా ఉందమ్మా, నీకూ ఉంది, వచ్చినవాళ్ళకీ ఉంది. ముందు ఆ పళ్ళేలు ఇలా అందుకో.